భోజన విరామంలో నడిస్తే తప్పా?

తెలంగాణలోని ఒక జిల్లా కేంద్రంలో, ప్రభుత్వ కార్యాలయంలో సీనియర్ అసిస్టెంటుగా పనిచేస్తున్న 43 ఏళ్ల పాఠకురాలు, పేరూ ఊరూ ప్రచురించవద్దని కోరుతూ సుదీర్ఘమైన ఉత్తరం రాశారు. అదే కార్యాలయంలో ఉద్యోగం చేసిన ఆమె భర్త 9 ఏళ్ల క్రితం ఒక మధ్యాహ్నం భోజనం ముగించుకొని సీటుకు వచ్చి కూర్చున్న కాసేపటికే గుండెపోటుతో కన్నుమూశారు. కారుణ్య నియామకం కింద ఆమెకు అక్కడే ఉద్యోగం ఇచ్చారు. ఇంట్లో ఇంటర్ రెండో సంవత్సరం చదువుతున్న కొడుకు, మోకాళ్ల నొప్పులతో ఎక్కువగా మంచం మీదే ఉండే అత్తగారు ఉన్నారు. ఆమె తెల్లవారుజామున 5 గంటలకు లేచి, వంట చేసి, అత్తగారికి మధ్యాహ్నం అన్నం గిన్నెల్లో సర్ది, కొడుక్కీ తనకూ డబ్బాలు కట్టుకొని 9 గంటల బస్సు ఎక్కుతారు. 10 గంటలకు బస్టాండులో దిగి, అక్కణ్నుంచి కిలోమీటరు దూరంలోని ఆఫీసుకు షేర్ ఆటోలో వెళ్తారు. పని వేళలు పదిన్నర నుంచి 5 గంటల వరకు, మధ్యలో ఒంటిగంటన్నర నుంచి 2 గంటల దాకా భోజన విరామం. తిరిగి ఇల్లు చేరేసరికి 7 దాటుతుంది, పడుకునేసరికి 11 అవుతుంది.

ఇటీవలి పరీక్షల్లో ఆమె పరగడుపు చక్కెర 113, మూడు నెలల సగటు చెప్పే హెచ్‌బీఏ1సీ 6.2 వచ్చాయి. ఎత్తు 154 సెంటీమీటర్లు, బరువు 68 కిలోలు. “బరువు తగ్గండి, నడవండి, మూడు నెలల తర్వాత రండి” అని డాక్టరు చెప్పారు. ఇంట్లో క్షణం తీరిక లేదు కాబట్టి ఏం చేసినా ఆఫీసు వేళల్లోనే చేయాలని ఆమె నిర్ణయించుకున్నారు. మొదట ఆఫీసు పక్క వీధిలోని జిమ్‌లో మూడు నెలలకు డబ్బు కట్టి 11 రోజులు వెళ్లారు. సాయంత్రం చివరి మంచి బస్సు తప్పిపోతుండడంతో మానేశారు. తర్వాత, రెండో అంతస్తులోని తన సెక్షన్‌కు మెట్లెక్కడం మొదలుపెట్టి, మొదటి రోజే పదిసార్లు ఎక్కి దిగారు. వారానికి మోకాళ్లు వాచాయి. ఆ తర్వాత మధ్యాహ్నం భోజనం మానేసి చూశారు. నాలుగింటికల్లా తలనొప్పి, బస్టాండులో మిర్చి బజ్జీలు. చివరికి భోజనం త్వరగా ముగించి, ఆవరణలోనే భవనం చుట్టూ నడవడం మొదలుపెట్టారు. రెండు వారాలు బాగానే సాగింది. అప్పుడు ఒక సహోద్యోగిని, “ఈ వయసులో ఎవరి కోసమమ్మా ఈ బూట్లూ, ఈ సోకులూ” అన్నారు. అదే వారంలో ఒకరోజు 2 గంటల 10 నిమిషాలకు ఏదో ఫైలు కావలసివచ్చి సూపరింటెండెంటు గారు పిలిస్తే ఆమె సీటులో లేరు. తిరిగి రాగానే సెక్షన్ అందరి ముందూ ఆయన, “వాకింగ్ చేయడానికి మీకు జీతం ఇస్తున్నారా?” అని అడిగారు. ఆ సాయంత్రమే ఆమె బూట్లు ఇంటికి తీసుకెళ్లిపోయారు.

“ఆఫీసులో నడవడానికి అనుమతి ఇవ్వమని దరఖాస్తు పెట్టాలా? లేక తెల్లవారుజామున 4 గంటలకే లేవాలా? లేక ఇంతే అని ఊరుకోవాలా? మా ఆయన పోయిన కుర్చీకి నాలుగు బల్లల అవతల కూర్చుంటాను. నాకూ అలాగే అవుతుందేమోనని భయం. ఇంత మంది నా మీద ఆధారపడి ఉండగా నా ఒంటి గురించి నేను ఇంత ఆలోచించడం స్వార్థమేమో అనిపిస్తుంది” అని ఉత్తరం ముగించారు.

సమాధానం

అమ్మా, మీరు మూడు ప్రశ్నలు అడిగారు గానీ మీ ఉత్తరంలో నాలుగు చిక్కులు ఒకదానికొకటి చుట్టుకొని ఉన్నాయి. ఒంటికి సంబంధించినది ఒకటి, వేళకు సంబంధించినది ఒకటి, పైఅధికారితో వచ్చినది ఒకటి, నలుగురి మాటలది ఒకటి. వీటన్నిటినీ ఒకే ముడిగా చూస్తున్నందువల్ల మీకు ఎటు లాగినా బిగుసుకుంటున్నట్టు అనిపిస్తోంది. నేను వైద్యుణ్ణి కాను, కానీ పాతికేళ్లు ఫైళ్ల మధ్య కుర్చీలో కూర్చొని, నడుముకూ పొట్టకూ దాని ఖరీదు కట్టినవాణ్ణి కాబట్టి ఈ విషయంలో కొంత చదివాను, కొంత అనుభవించాను. ఒక్కొక్క పోగూ విడదీసి చూద్దాం.

ముందుగా అంకెల సంగతి. పరగడుపు చక్కెర 100 నుంచి 125 దాకా, హెచ్‌బీఏ1సీ 5.7 నుంచి 6.4 దాకా ఉంటే మధుమేహానికి ముందు దశ అంటారు. మీరు ఆ గడప మీద నిలబడి ఉన్నారు, లోపలికి అడుగుపెట్టలేదు. మన దేశంలోనే, చెన్నైలో, మీకు దగ్గరి స్థితిలో ఉన్న 531 మందిని సుమారు మూడేళ్లు గమనించిన అధ్యయనం 2006లో వెలువడింది. ఏ ప్రత్యేక సలహా అందని వర్గంలో వందకు 55 మందికి ఆ కాలంలో మధుమేహం వచ్చింది. తిండిలోనూ నడకలోనూ మార్పులు చేసుకున్న వర్గంలో 39 మందికే వచ్చింది. తేడా పెద్దదే. అయితే మార్పులు చేసుకున్నా 39 మందికి వచ్చిందన్నది కూడా మీకు తెలిసి ఉండాలి, ఎందుకంటే రేపు మీ అంకె అనుకున్నంత తగ్గకపోతే అది మీ తప్పని మీరు కుంగిపోకూడదు. ఆ అధ్యయనంలో నాకు అన్నిటికంటే ముఖ్యంగా తోచిన విషయం మరొకటి ఉంది: లాభం పొందిన వర్గంలో బరువు చెప్పుకోదగినంతగా తగ్గలేదు. బరువు కదలకపోయినా కండరాలు కదిలితే లోపల మేలు జరుగుతూనే ఉంటుంది. రోజూ పొద్దున తూకం యంత్రం ఎక్కి దిగులుపడుతున్నానని రాశారు కాబట్టి ఇది చెబుతున్నాను. వారానికి ఒకసారి ఎక్కితే చాలు. బరువు అసలు లెక్కలోకి రాదని నా ఉద్దేశం కాదు. మన శరీర తీరుకు వర్తించే కొలత ప్రకారం మీ ఎత్తుకు 68 కిలోలు ఎక్కువే, నడుము చుట్టుకొలత 80 సెంటీమీటర్లకు మించి ఉంటే దాన్నీ పట్టించుకోవలసిందే. కాకపోతే అది నెమ్మదిగా వచ్చే ఫలితం, రోజువారీ పరీక్ష కాదు.

డాక్టరును ఈసారి కలిసినప్పుడు రెండు మాటలు అడగండి. మీ హిమోగ్లోబిన్ ఎంతో ఉత్తరంలో లేదు. ఇనుము లోపంతో వచ్చే రక్తహీనత ఉంటే హెచ్‌బీఏ1సీ ఉన్నదానికంటే ఎక్కువగా కనిపించవచ్చు కాబట్టి అది చూడటం అవసరం. బీపీ, థైరాయిడ్, కొలెస్ట్రాల్ కూడా చూపించుకోండి. మెట్లెక్కేటప్పుడు మోకాళ్లు కాకుండా ఛాతీ పట్టేసినట్టున్నా, మామూలుకు మించి ఆయాసం వచ్చినా, నడక ప్రణాళికలన్నీ పక్కన పెట్టి ముందు వైద్యుల దగ్గరకు వెళ్లండి. చక్కెర కోసం మాత్ర వాడమని ఆయన అంటే, అది మీ ఓటమి అని అనుకోవద్దు. కొందరికి నడకా మాత్రా రెండూ కావలసి వస్తాయి.

ఇక మీ నాలుగు ప్రయత్నాల గురించి. వాటిని మీరు నాలుగు వైఫల్యాలుగా రాశారు, పైగా “నాకు పట్టుదల లేదు” అని తేల్చేశారు. తొమ్మిదేళ్లుగా 5 గంటలకు లేచి ఇన్ని బాధ్యతలు మోస్తున్న మనిషికి పట్టుదల లేదంటే నేను నమ్మను. నాకు కనిపించినది వేరు. మొదటి మూడుసార్లూ మీరు వ్యాయామాన్ని రోజులోంచి విడిగా కోసి తీయవలసిన పెద్ద ముక్కగానే చూశారు. జిమ్ అంటే గంట, మెట్లంటే మొదటి రోజే పదిసార్లు, తిండి తగ్గించడమంటే మొత్తంగా భోజనమే మానేయడం. నడక ఒక్కటే మీ రోజులో ఇమిడింది, అందుకే అది రెండు వారాలు నిలిచింది. అది ఆగిపోయింది కూడా ఒంటి వల్ల కాదు, మనుషుల వల్ల.

ఒకప్పుడు వ్యాయామం ఒక్కసారికి కనీసం 10 నిమిషాలైనా సాగితేనే లెక్కలోకి వస్తుందని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పేది. 2020లో వచ్చిన కొత్త మార్గదర్శకాల్లో ఆ షరతును తీసేసింది. వారానికి 150 నుంచి 300 నిమిషాల మధ్యస్థ శ్రమ, అంటే మాట్లాడగలిగినా పాట పాడలేనంత వేగంతో నడక లాంటిది ఉంటే చాలు, అది ఎన్ని ముక్కలుగా వచ్చినా కలుపుకోవచ్చు. దానితోపాటు వారంలో రెండు రోజులు కండరాలకు బలం ఇచ్చే పని చేయాలి. మీ ఫోనులో రోజుకు 10,000 అడుగుల లక్ష్యం చూసి, 2,800 దగ్గరే ఆగిపోతున్నానని రాశారు. ఆ అంకె ఏ వైద్య పరిశోధనలోనూ పుట్టలేదు. 1965లో జపానులో అమ్మకానికి వచ్చిన అడుగుల కొలమానానికి పెట్టిన పేరు నుంచి లోకమంతా పాకింది. దాన్ని మరిచిపోండి. 2,800 నుంచి 5,000కు చేరడమే మీకు పెద్ద మార్పు.

ఉద్యోగంలో భాగంగా జరిగే చిన్న చిన్న కదలికల విలువను మొదట పట్టి చూపినది కూడా జిమ్‌లో జరిగిన పరిశోధన కాదు. 1953లో జెర్రీ మోరిస్ అనే వైద్యుడు లండన్ డబుల్ డెక్కర్ బస్సుల్లో పనిచేసేవారిని పోల్చి చూశారు. రోజంతా స్టీరింగు ముందు కూర్చునే డ్రైవర్లకంటే, టికెట్ల కోసం పై అంతస్తుకూ కింది అంతస్తుకూ రోజుకు వందల మెట్లు ఎక్కి దిగే కండక్టర్లలో గుండెజబ్బు తక్కువగా ఉందని తేలింది. (డ్రైవర్లు ఉద్యోగంలో చేరేనాటికే కొంచెం లావుగా ఉండేవారేమో అన్న సందేహంతో ఆయనే తర్వాత వాళ్ల యూనిఫాం ప్యాంట్ల నడుము కొలతలు తీయించి చూశారు, ఆ సందేహంలో కొంత నిజముందని ఒప్పుకున్నారు కూడా; అలాంటి నిజాయితీ ఉన్నవాడు కాబట్టే ఆయన మాట నాకు నచ్చుతుంది.) కండక్టర్లు ఎవరూ వ్యాయామం చేస్తున్నామని అనుకోలేదు. వాళ్ల పనే అలా ఉండేది. మీ పనిని అలా మలుచుకోగలమా అన్నదే ఇక్కడ చూడవలసిన ప్రశ్న.

మీ రోజులో రెండు చోట్ల వేళ దొరుకుతోంది, దేనికీ ఎవరి అనుమతీ అక్కర్లేదు. మొదటిది బస్టాండు నుంచి ఆఫీసు దాకా ఉన్న కిలోమీటరు. 10 గంటలకు దిగుతున్నారు, పదిన్నరకు హాజరు. నడిస్తే 12 నిమిషాలు పడుతుంది, షేర్ ఆటో నిండేదాకా కూర్చునే సమయం తీసేస్తే మీకు పోయేది అయిదారు నిమిషాలే. ఆరు పనిదినాలకు 72 నిమిషాలు. దీనిలో ఉన్న ఇబ్బందులు నాకు తెలుసు: దుమ్ము, ఫుట్‌పాత్ లేని రోడ్డు, భుజాన సంచి, చీరకుచ్చిళ్లు, ఏప్రిల్ నుంచి జూన్ వర్షాలు పడేదాకా పది గంటలకే మాడ్చే ఎండ. ఆ మూడు నెలలు దీన్ని పూర్తిగా వదిలేయండి, ఆటోలోనే వెళ్లండి. మిగిలిన తొమ్మిది నెలలు చాలు. సాయంత్రం నడక నేను సూచించను, బస్సు తప్పితే ఇంటి దగ్గర ఏం జరుగుతుందో మీరే రాశారు కదా.

రెండోది మధ్యాహ్న భోజనం తర్వాతి పన్నెండు నిమిషాలు. ఇది మీకు పొద్దుటి నడక కంటే విలువైనది. తిన్న తర్వాత రక్తంలోకి చేరే చక్కెరను కండరాలు పీల్చుకోవాలంటే మామూలుగా ఇన్సులిన్ తలుపు తీయాలి. మీ ఒంట్లో ఆ తలుపు కొంచెం బిగుసుకుంది. కానీ కండరం పనిచేస్తున్నప్పుడు ఇన్సులిన్ సాయం లేకుండానే చక్కెరను లోపలికి తీసుకుంటుంది. అందుకే తిన్న వెంటనే కూర్చోవడానికీ, పది నిమిషాలు కాళ్లు ఆడించడానికీ మధ్య తేడా గ్లూకోమీటరులో కనిపిస్తుంది. నమ్మకం కుదరకపోతే ఒక రోజు నడిచి, మరో రోజు కూర్చొని, అదే డబ్బా తిన్న గంటన్నరకు మీరే చూసుకోండి. సోమవారాలు జనం దగ్గర అర్జీలు తీసుకునే ప్రజావాణి ఉంటుంది, ఆ రోజు భోజనానికే దిక్కుండదు కాబట్టి దాన్ని లెక్కలోంచి తీసేద్దాం. మిగిలిన అయిదు రోజులకు 60 నిమిషాలు. పొద్దుటి 72తో కలిపితే 132. ఆదివారం సాయంత్రం కొడుకుతో కలిసి కూరగాయల సంతకు నడిచి వెళ్లివస్తే 150 దాటినట్టే. చూడండి, 4 గంటలకు లేవకుండానే లెక్క సరిపోయింది.

4 గంటలకు లేవడం గురించి ఇక్కడే చెప్పేస్తాను. అది మీ చేతిలో ఉన్న దారే, ఎవరి మాటా పడనక్కర్లేదు, ఎండ ఉండదు. కానీ 11కు పడుకొని 4కు లేస్తే మీకు మిగిలేది 5 గంటల నిద్ర. నిద్ర తగ్గిన ఒంట్లో ఇన్సులిన్ సరిగా పనిచేయదు, ఆకలి పెరుగుతుంది, పగలు తీపి మీదికి మనసు పోతుంది. నడకతో ఒక చేత్తో సంపాదించినది నిద్రలేమితో మరో చేత్తో పారబోసినట్టవుతుంది. 10 గంటలకే పడుకోగలిగే ఏర్పాటు ఇంట్లో చేసుకోగలిగితేనే ఆ దారి ఆలోచించండి.

మెట్ల సంగతి. మోకాళ్లను ఎక్కడం కంటే దిగడం ఎక్కువ నొప్పిస్తుంది, ఎందుకంటే ఒంటి బరువంతా వంగిన మోకాలు మీద ఆగుతూ దిగాలి. మీ ఆఫీసులో లిఫ్టు ఉందన్నారు. వాపు పూర్తిగా తగ్గాక రోజుకు ఒక్కసారి ఎక్కండి, లిఫ్టులో దిగండి. రెండు వారాలు నొప్పి లేకపోతే రెండుసార్లు. అందరూ మెట్లు దిగి లిఫ్టులో ఎక్కుతారు, మీరు తలకిందులు చేస్తున్నందుకు అటెండరు నవ్వవచ్చు, నవ్వనివ్వండి. నొప్పి మళ్లీ వస్తే మెట్లు మానేసి చదునుగా ఉన్న వరండాలోనే నడవండి.

బలానికి సంబంధించిన పని సీటు దగ్గరే అవుతుంది. చేతులు ఆనించకుండా కుర్చీలోంచి లేచి మళ్లీ నెమ్మదిగా కూర్చోవడం పదిసార్లు, బీరువా పట్టుకొని మడమలు పైకెత్తి దించడం పదిహేనుసార్లు, రికార్డు రూములో ఎవరూ లేనప్పుడు గోడకు అరచేతులు ఆనించి ముందుకు వంగి వెనక్కి నెట్టుకోవడం పదిసార్లు. అన్నీ కలిపి నాలుగు నిమిషాలు. కుర్చీ నుంచి లేవడం మోకాలికి నొప్పి కలిగిస్తే కుర్చీ మీద దిండు వేసి ఎత్తు పెంచండి. ఇవి కాక, అరగంటకోసారి రెండు నిమిషాలు లేచి తిరగడం. ఎక్కువసేపు కూర్చున్నప్పుడు ఆ కూర్చోవడాన్ని మధ్యమధ్య తుంచినవాళ్లలో భోజనం తర్వాతి చక్కెర తక్కువగా ఉంటుందని పరిశోధనలు చెబుతున్నాయి. ఫైళ్లన్నీ కంప్యూటరులోనే నడిచే ఈ-ఆఫీస్ వచ్చాక ఫైలు కదలడం మానేసింది, దానితోపాటు గుమాస్తా కదలడం కూడా మానేశాడు. పూర్వం సంతకానికి పై అంతస్తుకు మోసుకెళ్లడం ఒక చాకిరీ అని మేం తిట్టుకునేవాళ్లం. ఇప్పుడు మీరు పక్క సెక్షన్‌కు ఫోను చేసే బదులు నడిచి వెళ్లి అడగండి, టపా మీరే తెచ్చుకోండి, పెద్ద నీళ్ల సీసాకు బదులు చిన్న గ్లాసు పెట్టుకోండి. సీటులో లేరని ఎవరూ అనలేరు, పని మీదే తిరుగుతున్నారు కదా.

ఇప్పుడు సూపరింటెండెంటు గారి విషయం. ఆ రోజు జరిగినదాంట్లో రెండు వేరువేరు సంగతులు ఉన్నాయి. 2 గంటల 10 నిమిషాలకు మీరు సీటులో లేరు. అది మీ వైపు పొరపాటు, చిన్నదే అయినా పొరపాటే. దాన్ని అందరి ముందూ ఆ మాటలతో చెప్పడం ఆయన వైపు తప్పు. రెండోది బాధ పెట్టింది కాబట్టి మొదటిది మీ దృష్టిలోంచి జారిపోయింది, ఆయనకు మొదటిదే కనిపించింది కాబట్టి రెండోది ఆయనకు తట్టనేలేదు. అయితే ఒకటి మాత్రం స్పష్టంగా చెప్పగలను: ఒంటిగంటన్నర నుంచి 2 దాకా ఉన్న అరగంట మీది. ఆ సమయంలో మీరు కబుర్లు చెప్పుకున్నా, కునుకు తీసినా, భవనం చుట్టూ తిరిగినా ఎవరికీ సంజాయిషీ ఇవ్వనవసరం లేదు. 2 గంటల తర్వాతి సమయం మాత్రం మీది కాదు.

దరఖాస్తు పెట్టాలా అని అడిగారు. పెట్టవచ్చు. కానీ కాగితం పెట్టగానే అప్పటిదాకా ప్రశ్నే కానిది ప్రశ్న అవుతుంది. దాన్ని చేతిలో పట్టుకున్న అధికారి సరేనంటే రేపు మరొకరు అడుగుతారేమోనని భయపడతాడు, కాదంటే చేతులు దులుపుకోవచ్చు. మన కార్యాలయాల్లో సందేహం వచ్చిన చోట “వీలుపడదు” అని రాయడమే సులువు. ఒకసారి అలా రాతలో వచ్చిందంటే, మీ సొంత అరగంటలో నడిచినా ఆదేశాన్ని ధిక్కరించినట్టు కనిపించే ప్రమాదం ఉంది. అందువల్ల మీది అయిన దానికోసం అర్జీ పెట్టకపోవడమే నయమని నా అభిప్రాయం.

రెండో దారి, ఏమీ చెప్పకుండా మళ్లీ నడక మొదలుపెట్టి, గంట కొట్టినట్టు 1 గంట 55 నిమిషాలకల్లా సీటులో ఉండటం. దీనిలో గొడవ లేదు. కానీ ఆయన మనసులో పాత కోపం ఉంటే, ఏదో ఒక రోజు మళ్లీ అలాంటి మాటే పడవచ్చు, ఆ భయంతోనే రోజూ నడవాలి.

మూడో దారి, ఆయనతో ఒంటరిగా రెండు నిమిషాలు మాట్లాడటం. మీ ఉత్తరంలో ఒక వాక్యం ఉంది, అది రాసేటప్పుడు మీరు పెద్దగా ఆలోచించినట్టు లేరు: “ఆయన కూడా భోజనానికి ముందు ఇన్సులిన్ ఇంజెక్షన్ తీసుకుంటారు, అయినా అర్థం చేసుకోలేదు.” నాకు అక్కడ తలుపు కనిపిస్తోంది. ఈ జబ్బు ఏమిటో ఆ సెక్షన్‌లో మీకంటే బాగా తెలిసిన మనిషి ఆయనే. ముందు మీ వైపు తప్పు ఒప్పుకోండి, తర్వాత కారణం చెప్పండి. “సార్, ఆ రోజు పది నిమిషాలు ఆలస్యమైంది, ఇక జరగదు. నాకు షుగర్ మొదలయ్యేలా ఉందన్నారు డాక్టరు గారు, తిన్నాక కాసేపు నడవమన్నారు. రెండింటికి ముందే సీటులో ఉంటాను” అంటే చాలు. అనుమతి ఇవ్వండి అని అడగవద్దు, తెలియజేస్తున్నారంతే. ఆయన మెత్తబడవచ్చు, తన కథ తాను చెప్పవచ్చు. మెత్తబడకపోతే “సరే చూద్దాం” అంటారు, అప్పుడు మీరు రెండో దారిలోకే వస్తారు, నష్టమేమీ లేదు. దీనిలో ఉన్న ఖర్చు ఒకటే: మీ ఆరోగ్య సంగతి ఆయనకు తెలుస్తుంది, ఆయన నుంచి సెక్షన్‌కు తెలియవచ్చు. అది మీకు ఎంత బరువో మీరే తూచుకోవాలి.

మాటల్లో పనికొస్తుందనుకుంటే ఇది కూడా తెలుసుకోండి. కేంద్ర ఆయుష్ మంత్రిత్వ శాఖ పనిచోట చేసుకొనేందుకు ‘వై-బ్రేక్’ అనే 5 నిమిషాల యోగా విరామాన్ని రూపొందించింది. 2021 సెప్టెంబరులో కేంద్ర సిబ్బంది, శిక్షణ శాఖ దాన్ని ప్రోత్సహించమని మంత్రిత్వ శాఖలన్నిటికీ రాసింది. అది మీ రాష్ట్ర కార్యాలయాన్ని కట్టడి చేయదు, దాన్ని ఆయన ముందు ఆయుధంలా పెట్టవద్దు. కానీ ఎవరైనా “ఆఫీసులో ఇదేం వింత” అంటే, ఢిల్లీ ఆఫీసుల్లోనే చేయమన్నారండీ అని నవ్వుతూ అనడానికి పనికొస్తుంది.

సహోద్యోగిని అన్న మాట సూపరింటెండెంటు గారి మాటకంటే లోతుగా గుచ్చుకుందని మీ రాతలోనే తెలుస్తోంది, ఆ పేరాలో అక్షరాలు కూడా వంకరపోయాయి. భర్త పోయిన స్త్రీ తన ఒంటిని పట్టించుకుంటే దానికి ఒక మగవాడి పేరు వెతికే అలవాటు మన చుట్టూ ఇంకా చావలేదు. ఆమెకు జవాబు చెప్పాలా వద్దా అన్నది మీ ఇష్టం. చెప్పదలిస్తే “షుగర్ కోసమండీ” అన్న ఒక్క మాట చాలు, నోరు మూతపడుతుంది. కానీ మరునాటికి ఆఫీసంతా మీకు షుగర్ వచ్చేసిందని అనుకుంటుంది, రిటైర్మెంటు పార్టీలో మీ పళ్లెంలోంచి మైసూర్ పాక్ ఎవరో తీసేస్తారు. చెప్పకపోతే మాటలు కొన్నాళ్లు సాగుతాయి, రోజూ కనిపించే దృశ్యం మీద జనానికి ఆసక్తి నెల దాటి నిలవదు. వీటికంటే నాకు నచ్చే ఉపాయం తోడు. మీ వయసు స్త్రీలు అంత పెద్ద కార్యాలయంలో పదిమందైనా ఉంటారు, వారిలో మీలాంటి రిపోర్టు సంచిలో దాచుకున్నవారు ఇద్దరైనా ఉండకపోరు. ఒక్కరిని పిలవండి. ఒంటరిగా తిరిగే స్త్రీ అందరి కంటా పడుతుంది, ఇద్దరు కబుర్లు చెప్పుకుంటూ తిరిగితే అది భోజన విరామంలా కనిపిస్తుంది. నష్టమేమిటంటే ఆమె సెలవు పెట్టిన రోజు మీకూ మానేయాలనిపిస్తుంది, నెమ్మదిగా నడిచే మనిషైతే మీ వేగం తగ్గుతుంది. బూట్ల గురించి పట్టింపు ఉంటే మెత్తటి అడుగుభాగం ఉన్న, వెనక పట్టీ ఉన్న చెప్పులు చాలు.

తిండి మీద నేను ఎక్కువ చెప్పను, భోజనం మానేయడం ఎలా ముగిసిందో మీరే చూశారు. డబ్బాలో మూడు వంతులు అన్నం, ఓ మూల కూర అని రాశారు. జాతీయ పోషకాహార సంస్థ చెప్పినట్టు పళ్లెంలో సగం కూరగాయలూ పండ్లూ ఉండాలంటే మీ డబ్బా దాదాపు తిరగబడాలి. ఒక్కసారిగా కాదు, వారానికో గరిటె అన్నం తగ్గించి ఆ చోట కూరా పప్పూ పెట్టండి. జొన్నరొట్టె మీ ఇంట్లో అలవాటే అయితే అదీ మంచిదే, కాకపోతే రొట్టె కదా అని నాలుగు తింటే తేడా ఏమీ ఉండదు. ఆఫీసులో నాలుగు చాయ్‌లు తాగుతానన్నారు. చాయ్‌కి రెండు చెంచాల చొప్పున ఎనిమిది చెంచాల చక్కెర, అంటే 32 గ్రాములు. రోజంతటికీ 25 గ్రాములు మించకపోతే మేలని ప్రపంచ ఆరోగ్య సంస్థ అంటుంది. రెండు చాయ్‌లు చాలించి, ఉన్న రెండింటిలో చెంచాకు తగ్గించుకుంటే భోజనం మానేసినదాని కంటే ఎక్కువ ఫలం దక్కుతుంది, తలనొప్పీ రాదు.

మీరు అడగని సంగతి ఒకటి ఎత్తుతున్నాను, కోపగించుకోకండి. ఇంట్లో క్షణం తీరిక లేదన్నదాన్ని మీరు వాతావరణంలా, మార్చలేనిదిగా రాశారు. 17 ఏళ్ల కొడుక్కి కుక్కరు పెట్టడం, తన డబ్బా తాను కడుక్కోవడం, నానమ్మకు మాత్రలు ఇవ్వడం రాకూడదా? పరీక్షల సంవత్సరమని మీరు వెనకాడుతున్నారు, అర్థమవుతోంది. పరీక్షలయ్యేదాకా ఒక్క పనే అప్పగించండి, తర్వాత రెండు. మొదట విసుక్కుంటాడు, వంటింట్లో ఏదో మాడుతుంది, మీ అత్తగారు మనవడి చేత పనిచేయిస్తున్నావని సణుగుతారు. వాటికి ఓర్చుకోగలిగితే రాత్రి పదిన్నరకు పడుకోగలుగుతారు. ఆఫీసు ఉన్న ఊళ్లోనే ఇల్లు తీసుకుంటే రోజుకు రెండు గంటలు మిగులుతాయన్న ఆలోచన కూడా మీకు వచ్చే ఉంటుంది. అద్దె, కొడుకు కాలేజీ, అత్తగారికి అలవాటైన వాకిలి ఇవన్నీ చూసుకోవాలి కాబట్టి ఈ ఏడాది దాన్ని కదపకండి.

స్వార్థమేమో అన్నారు. మీ వారు పోయిన రోజు ఆ ఇంటికి ఏమైందో మీకు తెలుసు, ఆ రోజు ఆ పిల్లవాడికి ఎనిమిదేళ్లు. ఇప్పుడు అతనికి మిగిలినది మీరొక్కరే. దీనికి మించి ఆ ప్రశ్నకు జవాబు అక్కర్లేదనుకుంటాను. ఆ కుర్చీ గురించి మాత్రం ఒక మాట. భయంతో నడక మొదలుపెట్టడంలో తప్పులేదు, కానీ రోజంతా ఆ నాలుగు బల్లల అవతలికి చూస్తూ కూర్చోవలసిన పని లేదు. సెక్షన్‌లో సీట్లు మారినప్పుడు కిటికీ వైపు అడగండి. దానికి దరఖాస్తు కూడా అక్కర్లేదు, నోటిమాట చాలు. నిద్రలో ఉలిక్కిపడటం, గుండె దడ ఇంకా ఉంటే డాక్టరుకు ఆ సంగతి కూడా చెప్పండి, ప్రభుత్వం నడిపే టెలీ మానస్ సహాయ కేంద్రంలో 14416కు ఫోను చేస్తే తెలుగులోనే మాట్లాడతారు.

బూట్లు మళ్లీ తెచ్చి బల్ల అడుగు సొరుగులో పెట్టుకోండి. సోమవారం ప్రజావాణి కాబట్టి మంగళవారం మొదలుపెట్టండి, సూపరింటెండెంటు గారితో మాట్లాడేదీ మానేదీ ఆలోగా తేల్చుకోండి. మూడు నెలల తర్వాత వచ్చిన రిపోర్టులో అంకె ఎటు కదిలిందో, ఏ దారి పట్టారో, ఏది కుదరలేదో నాకు మళ్లీ రాయండి.